వత్తు విరిగితే ఎవరికి చెప్పాలి?

కిందటేడు బతుకమ్మ పండుగకు మా గల్లీ మండలి తరఫున ఆహ్వాన పత్రిక వేద్దామనుకున్నాం. బయట డీటీపీ వాడికి డబ్బులెందుకు, మండలి గదిలో రెండు పాత కంప్యూటర్లు ఉండనే ఉన్నాయి కదా అన్నారు మా కుర్రాళ్లు. ఒక ఆఫీసులో పక్కన పడేస్తే తెచ్చుకున్నవవి. కొత్త విండోస్ వాటికి బరువు. అందుకని ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాం. తెలుగు టైపింగు ఉంది, తెలుగు అక్షరాలు ఉన్నాయి. స్క్రీన్ మీద పత్రిక ముచ్చటగా కనబడింది.

తీరా పీడీఎఫ్ చేసి అచ్చు తీస్తే చిరునామాలో ‘మహారాష్ట్ర’ అన్న మాట విరిగిపోయింది. ‘ష’ కింద ‘ట’ వత్తు నిలిచింది గానీ ‘ర’ వత్తు జారిపోయి పక్కకొచ్చి కూర్చుంది. మండలి పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూసి, ‘‘ఊరి పేరు తప్పు రాస్తే ఊరోడు తిడతడు. మనం బతుకుతున్న రాష్ట్రం పేరే తప్పు రాస్తిరి గదరా!’’ అన్నారు. నవ్వులైతే నవ్వుకున్నాం గానీ, రెండు వందల పత్రికల మీద పెన్నుతో వత్తులు దిద్దడానికి ఒక రాత్రి పట్టింది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. పక్క గదిలో ఉండే ఇంజినీరింగ్ కుర్రాడు ఉత్సాహవంతుడు. ‘‘ఇది ఓపెన్ సోర్స్ కాకా, తయారు చేసేటోళ్లకు చెప్తే బాగు చేస్తరు’’ అని కూర్చున్నాడు. ముందు ఖాతా తెరవమంది. తెరిచాడు. ఈమెయిల్‌కు వచ్చిన లింకు నొక్కమంది. నొక్కాడు. తర్వాత ఇంగ్లిష్‌లో ఫారం వచ్చింది. ఏ ఉత్పత్తి, అందులో ఏ భాగం, ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టం, తీవ్రత ఎంత, తప్పు మళ్లీ రప్పించాలంటే ఏయే మెట్లు ఎక్కాలి, ఇంతకు ముందు ఎవరైనా ఇదే చెప్పారేమో వెతికావా... గంటన్నర గడిచింది. ‘‘వత్తు ఇరిగిందని చెప్పనీకి ఇన్ని అడుగుతరా? ఛోడో కాకా’’ అని కంప్యూటర్ కట్టేశాడు.

తప్పు అలాగే ఉండిపోయింది. తయారు చేసినవాళ్లకు కబురు అందలేదు. వాళ్లు చెడ్డవాళ్లూ కాదు, మావాడు బద్ధకస్తుడూ కాదు. ఇద్దరి మధ్యా దారి లేదు, అంతే. ఈ వ్యాసం ఆ దారి గురించే.

జాబర్ ఉన్న రోజులు

పరేల్, వర్లీ మిల్లుల్లో పనిచేసిన మన పద్మశాలి పెద్దలను అడగండి. మగ్గం మీద పడుగు పోగు తెగిందనుకోండి, నేత కార్మికుడే కట్టుకునేవాడు. మగ్గమే మొరాయిస్తే జాబర్‌ను పిలిచేవాడు. ‘‘ఇటు సూడు, శబ్దం తేడా వస్తున్నది’’ అంటే చాలు. ఏ భాగం, ఏ నెంబరు, ఎప్పటి నుంచి అనేది చూసుకోవడం జాబర్ పని. చాలా మగ్గాలు విలాయతి నుంచి వచ్చినవే అయినా, ఇంగ్లిష్‌లో ఉత్తరం రాస్తే తప్ప మగ్గం బాగు కాదని కార్మికుడికి ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పి ఉంటే ఆ మిల్లులు ఒక్క నెల నడిచేవా?

జాబర్లలోనూ మంచీ చెడూ ఉండేవి. మామూళ్లు గుంజినవాళ్ల కథలు మన చాళ్లలో కావలసినన్ని. ఆ పెత్తనం మళ్లీ రావాలని ఎవరూ కోరరు. కానీ చూసినవాడి మాటను బాగుచేసేవాడి భాషలోకి మార్చే మనిషి మధ్యలో ఒకడున్నాడు. కంప్యూటర్ల లోకంలో మనకు ఆ మనిషే కరువయ్యాడు.

కామాఠీ బస్తీకి దీంతో ఏం పని?

‘రోజు కూలీ చేసుకునేవాళ్లకు సాఫ్ట్‌వేర్ గొడవ ఎందుకయ్యా’ అనేవాళ్లు ఉంటారు. ఉంది పని.

రాళ్లు మోసి, ఈ నగరాన్ని కట్టిన తెలుగు కూలీల పేరు మీదే కామాఠిపుర వెలిసింది. మిల్లుల కాలంలో కరీంనగర్, నిజామాబాద్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు బీడీడీ చాళ్లలో నూట అరవై చదరపు అడుగుల గదుల్లో బతుకులు వెళ్లదీశాయి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పాలమూరు నుంచి తట్ట, పార పట్టుకుని వచ్చినవాళ్లు వస్తూనే ఉన్నారు. ఊళ్లో ఎకరమో అరెకరమో ఇంకా మిగిలే ఉంది. ఆ భూమి కాగితం ఇప్పుడు కంప్యూటర్‌లో ఉంది. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ముంబయిలో కూర్చున్న మనిషి తన పట్టా వివరం చూడాలంటే ఫోన్లోనో కంప్యూటర్లోనో తెలుగు అక్షరం సరిగా కనబడాలి. ‘గుండ్ల’ కాస్తా ‘గుండల’ అని కనబడితే, వివరం నాదా పరాయివాడిదా? వత్తు ఒక్కటే, కానీ దాని వెనుక తాత పేరుంది.

ఇక పిల్లల సంగతి. ముంబయి మునిసిపాలిటీ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. వాటిలో చేరే పిల్లలు తగ్గిపోతున్నారని బాధపడని తెలుగు సంఘం లేదు. తెలుగు అక్షరాలు నేర్చుకున్న పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని తన పేరు తాను రాసుకుంటే, అది విరిగి కనబడితే ఏమనుకుంటుంది? తప్పు యంత్రానిదనుకోదు, తెలుగుదే అనుకుంటుంది. మర్నాటి నుంచి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తుంది. ఎవరూ తిట్టకుండానే, ఎవరూ కొట్టకుండానే భాష ఇలా చేజారిపోతుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్ మనకు దిక్కు ఎందుకయిందో వేరే చెప్పాలా? కొనే శక్తి లేనివాళ్లకు, పాత యంత్రాలతో సర్దుకునేవాళ్లకు అదే ఆధారం. అది కూడా ఎవరో దయతలచి పడేసింది కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగు ఆపరేటింగ్ సిస్టం మీద ఏళ్ల తరబడి శ్రమించారు. లోహిత్ తెలుగు ఫాంటు మన పక్కనున్న పుణెలో పుట్టింది. మన ముంబయిలోనే, జుహూలో ఒకప్పటి ఎన్‌సీఎస్‌టీలో, లినక్స్ మీద భారతీయ భాషలు కనబడేలా చేసే ‘ఇండిక్స్’ పని జరిగింది. ఆ సంస్థే తర్వాత సీ-డాక్‌లో కలిసింది. ఇంతమంది చేసిన పని మన మండలి గది దాకా వచ్చింది. మన గది నుంచి వాళ్ల దాకా తిరుగు కబురే వెళ్లడం లేదు.

యంత్రం పరీక్ష వేరు, మన కన్ను వేరు

పరీక్షలన్నీ కంప్యూటరే చేసుకోవచ్చు కదా అని అడగవచ్చు. చేస్తుంది, చాలా బాగా చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీస్ వంటివాటిలో అక్షరాలను పేర్చే ‘హార్ఫ్‌బజ్’ అనే ఓపెన్ సోర్స్ యంత్రాంగం ఉంది. 2012 ప్రాంతంలో దాని రూపకర్తలు వికీపీడియా నుంచి తెలుగు మాటలు 9 లక్షల 70 వేలకు పైగా తీసి, తమది పేర్చిన తీరునూ మైక్రోసాఫ్ట్ వ్యవస్థ పేర్చిన తీరునూ పోల్చి చూసుకున్నారు. తేడా వచ్చినవి చాలా స్వల్పం. మెచ్చుకోవలసిన పని.

అయితే ఒక యంత్రాన్ని ఇంకో యంత్రంతో పోల్చారు. చదివే మనిషితో పోల్చలేదు. రెండూ కలిసి ఒకే తప్పు చేస్తే తేడా ఎక్కడ కనబడుతుంది? ఆ ఫాంటు, ఆ వెర్షన్, ఆ పాత ప్రింటరు కలిసిన చోట ఏమవుతుందో అక్కడ కూర్చున్నవాడికే తెలుస్తుంది. ‘జ్యోత్స్న’ చదవడానికి వీలుగా ఉందా, వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయా అన్నది తెలుగు కన్నే చెప్పాలి.

2018 ఫిబ్రవరిలో జరిగిన గొడవ గుర్తుందా? మన ‘జ్ఞా’ అక్షరం ఐఫోన్లను పడగొట్టిందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. అది మనం మామూలుగా రాసే ‘జ్ఞా’ కాదు. మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు కలిసిన రూపం. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట’ పొల్లునూ ‘వే’నూ కలిసిపోకుండా విడదీయడానికి మనం వాడుకునే గుర్తే అది. ఆ వరస ఉన్న సందేశం వస్తే మెసేజ్‌ల యాప్ తెరవగానే మూసుకుపోయేది. అప్పట్లో మొజిల్లాలో ఉన్న ఒక ఇంజినీరు తవ్వి చూస్తే బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరసలు ఉన్నాయని తేలింది. ఆ నెల 19న యాపిల్ 11.2.6 వెర్షన్ ఇచ్చి సరిచేసింది. అది ఓపెన్ సోర్స్ కాదు, నిజమే. కానీ ఇందులో మనకో పాఠం ఉంది. ఖరీదైన ఫోన్లు ప్రపంచమంతటా ఆగితే వారం రోజుల్లో బాగు చేశారు. మండలి గదిలో పాత కంప్యూటర్ మీద వత్తు జారితే అది ఎవరి లెక్కలోకీ రాదు. లెక్కలోకి రావాలంటే మనం చెప్పాలి, చెప్పే దారి సులువుగా ఉండాలి.

దారి వేసినవాళ్లు ఉన్నారు

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. సాఫ్ట్‌వేర్ లోకంలోనే చేసి చూపించినవాళ్లున్నారు.

డెబియన్ అనే లినక్స్‌లో తప్పు చెప్పాలంటే ఖాతా అక్కర్లేదు, ఈమెయిల్ రాస్తే చాలు. ‘రిపోర్ట్‌బగ్’ అనే చిన్న సాధనం వెర్షన్ల వంటి వివరాలన్నీ తానే సేకరించి ఉత్తరంలో పెడుతుంది. పెర్ల్ భాష వాడేవాళ్లు 1998లో మొదలుపెట్టిన పరీక్షకుల బృందం సంగతి ఇంకా విశేషం. స్వచ్ఛంద కార్యకర్తల కంప్యూటర్లు పరీక్షలు నడిపి, నెగ్గిందా ఓడిందా అన్నది తామే పంపేస్తాయి. అలా వచ్చిన ఫలితాలు కోట్లలో ఉన్నాయి. ఫెడోరా లినక్స్‌లో భాషల కోసం ప్రత్యేకంగా ‘పరీక్షా దినం’ పెడతారు. ఒకప్పుడు ఫలితాలను వికీ పేజీలో పట్టిక గీసి రాయాల్సి వచ్చేది, తర్వాత దానికోసం విడిగా ఒక వెబ్ సాధనం తయారు చేసుకున్నారు. కొత్త సవరణ బాగుంటే ఒక మార్కు వేయడం, చెడితే ఒక మార్కు కొట్టేయడం అక్కడి పద్ధతి.

అన్నిటికంటే మనకు దగ్గరగా ఉన్నది మొజిల్లా వారి కామన్ వాయిస్. ఎవరో చదివిన వాక్యం వినిపిస్తుంది. సరిగా చదివితే అవును, లేకపోతే కాదు. రెండే బొత్తాలు. చదువు అంతగా లేని అవ్వ కూడా పక్కన మనవరాలుంటే ఆ పని చేయగలదు. మాట వినే పనికి రెండు బొత్తాలు సరిపోయినప్పుడు, అక్షరం చూసే పనికి ఇరవై గడుల ఫారం ఎందుకు?

ఇక్కడ ఇంకో మాట. ‘బాగుంది’ అన్నదీ పరీక్ష ఫలితమే. మనం తప్పు కనబడితేనే నోరు విప్పుతాం. వంద చోట్ల బాగుండి ఒక చోట చెడితే లోపం ఆ యంత్రంలో ఉండొచ్చు. వంద చోట్లా చెడితే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. బాగున్నచోటి కబురు కూడా అందితేనే బాగుచేసేవాడికి ఈ తేడా తెలిసేది.

అవతలి పక్షం మాట

తయారీదార్ల పక్షం కూడా వినాలి. వాళ్లలో చాలామంది జీతం లేని కార్యకర్తలే. ఆఫీసు ముగించుకుని రాత్రిళ్లు కూర్చుని పని చేసేవాళ్లు. తలుపు బార్లా తెరిస్తే ‘పని చేయట్లేదు’ అన్న రెండు మాటల ఫిర్యాదులు కుప్పలుగా పడతాయి. ఒకే తప్పును యాభై మంది చెబుతారు. అందులో పనికొచ్చేది ఏరుకోవడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. ఖాతా అడిగేది కూడా ఊసుపోక కాదు, మళ్లీ ప్రశ్న అడగాలంటే మనిషి దొరకాలి కదా. ఈ మాటల్లో న్యాయం ఉంది.

ఇంకో చిక్కు సొంత వివరాలది. కంప్యూటర్ తనంతట తాను వివరాలు పంపేస్తే అందులో మన గుట్టు ఏం పోతుందో తెలియదు. ఫొటో తీసి పంపమంటే మనవాళ్లు ఆధార్ కార్డు కాగితాన్నే ఫొటో తీసి పంపేస్తారు. అందుకని పంపబోయేది ముందు మనకు చూపించి, ‘పంపమంటావా’ అని మన భాషలో అడగాలి. సొంత కాగితాల ఫొటోలు పంపకూడదన్న సంగతి మనమూ ఇంట్లో చెప్పుకోవాలి.

అయితే ఈ కష్టాలకు మందు దారి మూసేయడం కాదు. మధ్యలో మనిషిని పెట్టడం. మామూళ్లు అడగని జాబర్‌ను పెట్టడం.

ఏం చేయొచ్చు?

నాకు తోచింది చెబుతాను. తప్పుంటే దిద్దండి.

మొదటిది, ఫారం తెలుగులో ఉండాలి. నాలుగే ప్రశ్నలు చాలు. ఏం చేశావు? ఏం వస్తుందనుకున్నావు? ఏం వచ్చింది? ఏ కంప్యూటర్ మీద? దానికి ఒక ఫొటో. రాయడం రానివాళ్లకు మాట రికార్డు చేసే వీలు. వెర్షన్, ఫాంటు పేరు లాంటివి సాఫ్ట్‌వేరే నింపుకోవాలి. వాటిని ఎక్కడ చూడాలో తెలియకే సగం మంది వెనక్కి పోతున్నారు.

రెండోది, ఒక్కో మండలికి ఒక్క ఖాతా, దానికి ఒక్క బాధ్యుడు. గల్లీలో పదిమంది చెప్పింది అతను విని, ఒకటే అయినవాటిని కలిపి, ఇంగ్లిష్‌లో ఒక్క నివేదిక పంపుతాడు. ఇంజినీరింగ్ చదివే మన పిల్లలకు ఇది మంచి శిక్షణ. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించుకోవడానికి చేసిన పని కనబడుతుంది.

మూడోది, ఒక పరీక్ష కాగితం. మహారాష్ట్ర, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, జ్యోత్స్న, వాఙ్మయం, సాఫ్ట్‌వేర్... ఇలా కష్టమైన మాటలు ఇరవై. మన పెళ్లి పత్రికల్లో తెలుగు, మరాఠీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రెండు లిపులూ కలిసిన వాక్యాలు రెండు మూడు. ఇది మనం తప్ప హైదరాబాద్ వాళ్లు కూడా అంతగా పరీక్షించలేనిది. ఫెడోరా, ఉబుంటు వంటివి ఏడాదికి రెండుసార్లు కొత్త రూపం విడుదల చేస్తాయి. విడుదలకు ముందు పరీక్షా రూపం వస్తుంది. ఆ సమయంలో ఒక ఆదివారం, అరగంట. మాటలు టైపు చేయడం, అచ్చు తీయడం, సరైనదానికి టిక్కు, చెడినదానికి ఇంటూ. అంతకంటే ఏం లేదు.

నాలుగోది, తిరుగు జవాబు. చెప్పినవాడికి ‘అందింది’ అని ఒక మాట, బాగయ్యాక ‘బాగయింది’ అని ఇంకో మాట తెలుగులో రావాలి. లినక్స్ కెర్నెల్ వాళ్లకు ఒక మంచి సంప్రదాయం ఉంది. సవరణ చేసినవాడి పేరుతో పాటు తప్పు చూపినవాడి పేరు, పరీక్షించినవాడి పేరు కూడా ఆ సవరణలోనే రాసిపెడతారు. కామాఠిపుర పిల్ల పేరు అలా ఒక్కసారి ఎక్కితే ఆ గల్లీలో ఇంకో పదిమంది పిల్లలు కూర్చోరా, చెప్పండి!

దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. దాదర్‌లోని ఆంధ్ర మహాసభ లాంటి పాత సంస్థ ఒక గది ఇవ్వగలదు. పద్మశాలి సంఘాలు కుర్రాళ్లను పోగు చేయగలవు. తెలుగు బడుల టీచర్లు మాటల పట్టిక సిద్ధం చేయగలరు. స్వేచ్ఛ వంటి సంస్థలు హైదరాబాద్ నుంచి చేయి అందిస్తే భివండి, సోలాపూర్, నాందేడ్‌లలోని మనవాళ్లు కూడా కలుస్తారు.

ఆలస్యం చేయకూడదని ఎందుకంటున్నానంటే, చాళ్లు మారిపోతున్నాయి. వర్లీ బీడీడీ చాళ్ల స్థానంలో మేడలు లేచాయి. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు తాళంచెవులు ఇచ్చారు. మంచిదే, నూట అరవై అడుగుల నుంచి ఐదు వందల అడుగులకు వెళ్తున్నారు. కానీ ఎత్తయిన మేడల్లో తలుపులు మూసుకుంటాయి. మెట్ల కింద మండలి గదులు, నలుగురు కూర్చునే కారిడార్లు ఉండవు. కలిసి పని చేసే అలవాటు ఇప్పుడే ఇంకో రూపంలో కట్టుకోకపోతే తర్వాత పిలిస్తే పలికేవాళ్లుండరు.

మా పక్క గది కుర్రాడు ఈమధ్య మళ్లీ కూర్చున్నాడు. ఈసారి నేనూ పక్కన కూర్చున్నాను. నేను తెలుగులో చెప్పాను, వాడు ఇంగ్లిష్‌లో రాశాడు. విరిగిన ‘మహారాష్ట్ర’ ఫొటో జత చేశాడు. పంపి వారమైంది. జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, వచ్చే బతుకమ్మ పత్రిక లోపు పరీక్ష కాగితం మీద ఇరవై మాటలూ అచ్చు తీసి చూస్తాం. బాగుంటే బాగుందనే రాస్తాం.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. సముద్రాల అవతల ఉన్న ముక్కూ మొహం తెలియని కార్యకర్తకు మన వత్తు విరిగిందని మనం చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? చెప్పడం మన వంతు. మనం చెప్పగలిగేలా తలుపు పెట్టడం వాళ్ల వంతు.